తాగుడు గురించి ఆస్పత్రి ఎందుకు అడగదు?

శ్రీకాళహస్తిలో మా సంఘానికి వచ్చే ఆడవాళ్ళు చాలామంది ఒక ప్లాస్టిక్ సంచి వెంట తెచ్చుకుంటారు. అందులో రేషన్ కార్డు, ఆధార్ కార్డు, పొదుపు సంఘం పుస్తకం, వాటి అడుగున నలిగిపోయిన ఆస్పత్రి చీటీలు ఉంటాయి. పోయిన చలికాలంలో తొట్టంబేడు వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎడమ చేతికి కట్టు ఉంది. భర్త మేస్త్రీ పని చేస్తాడు. ఆమె చెప్పేది వింటూ ఆ చీటీలు తీసి తేదీల వారీగా బల్ల మీద పేర్చాను. భర్తవి రెండేళ్ళలో పదకొండు ఉన్నాయి. కడుపులో మంట, వాంతులు, నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, మందులు వాడినా దిగని బీపీ, ఒకసారి బండి మీద నుంచి పడి మోకాలు చీరుకుపోవడం. ఆమెవి మూడు. ఒకటి తలనొప్పి, ఒకటి ఒళ్ళు నొప్పులు, మూడోది విరిగిన చేతిది. అందులో కారణం దగ్గర ‘కాలు జారి పడినది’ అని రాసి ఉంది.

పద్నాలుగు చీటీల్లో ఎక్కడా తాగుడు అన్న మాట లేదు.

“డాక్టరు ఎప్పుడూ అడగలేదా?” అన్నాను.

“యాడ అడగతారక్కా! మాత్రలు రాసిచ్చి పొమ్మంటారు. ఆయన పక్కనే నిలబడుకోని ఉంటే నేనెట్ల చెప్పేది?” అంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆమె ఆ రెండు మాటల్లోనే చెప్పేసింది. అడగాల్సినవాళ్ళు అడగరు. చెప్పాలనుకున్న మనిషికి చెప్పే చోటు లేదు. అవి ఏ ఆస్పత్రి చీటీలో నేను రాయను. ఒక డాక్టరునో ఒక నర్సునో దోషిగా నిలబెడితే ఒరిగేదేమీ లేదు. మన రాష్ట్రంలో ఏ ఊళ్ళో ఏ సంచి విప్పినా ఇలాంటి చీటీలే బయటపడతాయి.

తాగుడు గురించి రాయడం మనకు కొత్త కాదు. మా ఊరికి నెల్లూరు జిల్లా పొలిమేర ఎంతో దూరం లేదు. 1991-92లో ఆ జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు, వాచకంలో సీతమ్మ కథ చదివి, సారా అంగడి ఎత్తివేయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఊరూరా మోగింది. ఆ గాలి చిత్తూరు జిల్లాకూ తగిలింది. సారా పాటలు ఆపించారు, ప్యాకెట్లు తగలబెట్టారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. తర్వాత 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను మళ్ళీ ప్రైవేటువాళ్ళకు ఇచ్చారు. అప్పుడే 99 రూపాయల క్వార్టరు కూడా వచ్చింది. మూసిన అంగడి తెరుచుకోవడం, అమ్మేవాడు మారడం, పాట మారడం మా తరం చూస్తూనే వచ్చింది.

ఇన్నేళ్ళలో మనం అంగడి ముందు కూర్చున్నాం. ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చున్నాం. ఎక్సైజు ఆఫీసుకు తాళం వేశాం. ఆస్పత్రి ముందు మాత్రం ఒక్కసారి కూడా కూర్చోలేదు. ‘మా ఇంటాయన పదకొండుసార్లు మీ దగ్గరకొస్తే ఒక్కసారైనా ఎంత తాగుతున్నావని ఎందుకడగలేదు?’ అని మనం నిలదీయలేదు.

ఎందుకు నిలదీయలేదో నాకు తెలుసు. తాగుడు మనకు రాజకీయ ప్రశ్న. ప్రభుత్వం అమ్ముతుంది, మగవాడు తాగుతాడు, ఆడది దెబ్బలు తింటుంది. దీన్ని ‘జబ్బు’ అనడం మొదలుపెడితే ప్రభుత్వం చేతులు కడుక్కుంటుందని, మగవాడికి ఒక సాకు దొరుకుతుందని మన భయం. ‘పాపం, వాడిది జబ్బమ్మా, నువ్వే కాస్త ఓర్చుకో’ అనే పెద్దమనుషుల మాట ఆడవాళ్ళు చాలా విన్నారు. ఆ అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు, దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ ఆ అనుమానంతోనే మనం ఒక హక్కును అడక్కుండా వదిలేశాం.

అది నిజంగా హక్కే. రాజ్యాంగంలోని 47వ అధికరణం మద్యనిషేధం గురించి చెబుతుందని మనకందరికీ తెలుసు. అదే వాక్యంలో ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రథమ కర్తవ్యాల్లో ఒకటి అని కూడా ఉంది. మనం రెండో సగమే పట్టుకుని మొదటి సగం వదిలేశాం. 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వాడకంతో వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందికే తెచ్చింది. ప్రభుత్వ సేవల్లో దానికి చికిత్స పొందే హక్కు ప్రతి మనిషికీ ఉందని 18వ సెక్షను చెబుతుంది. ఆ సేవలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మొదలు అన్ని స్థాయిల్లోనూ మామూలు వైద్యంతో కలపాలని కూడా చెబుతుంది. అంటే తిరుపతి పెద్దాసుపత్రిలో ఎక్కడో ఒక వార్డు ఉందని చేతులు దులుపుకుంటే చాలదు. పల్లెలో బీపీ చూసే గదిలోనే ఈ పని మొదలుకావాలి.

ఎంతమందికి ఇది అవసరమో చూద్దాం. ఎయిమ్స్ వైద్యులు చేసి 2019లో ప్రచురించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్ళు 16 కోట్ల మంది. అందులో సాయం అవసరమైనంతగా తాగుడు ముదిరినవాళ్ళు 5.7 కోట్లు. తాగుడుకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగిలిన 37 మంది ఆస్పత్రి గడపే తొక్కలేదా? తొక్కారు. కడుపుమంటకు తొక్కారు, బీపీకి తొక్కారు, టీబీకి తొక్కారు, దెబ్బలకు కట్టు కట్టించుకోవడానికి తొక్కారు. వాళ్ళు వచ్చారు, మనం అడగలేదు, వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. మన మాటల్లో మనుషులు రెండు రకాలే. తాగనివాడు, తాగుబోతు. రోడ్డు పక్క పడిపోతే తప్ప వాడు తాగుబోతు కాడు. “మా వాడు అంత తాగడమ్మా, పనికి పోతాడు, శనివారం కూలి డబ్బులొచ్చినప్పుడే” అంటారు. వైద్యులు మాత్రం ఈ రెండింటి మధ్య చాలా మెట్లు చూస్తారు. ముప్పు తెచ్చేంత తాగుడు, ఇప్పటికే హాని చేస్తున్న తాగుడు, ఆ తర్వాత అది లేకపోతే ఉండలేని స్థితి. మధ్య మెట్ల మీద ఉన్నవాళ్ళే ఎక్కువమంది. వాళ్ళకు వార్డు అక్కర్లేదు, సూది అక్కర్లేదు, ఒక మనిషి కూర్చుని సూటిగా అడిగి, నాలుగు మాటలు చెబితే తగ్గించుకునే వీలు ఎక్కువ. మన చీటీల మేస్త్రీ కూడా పదేళ్ళ కిందట ఆ మధ్య మెట్టు మీదే ఉండి ఉంటాడు.

అడగడానికి పనిముట్టు లేదా అంటే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో ఆరు దేశాల్లో ప్రాథమిక వైద్యానికి వచ్చిన రోగుల మీద పరిశీలన చేసి ఒక పది ప్రశ్నల పట్టిక తయారుచేసింది. దాన్ని ఆడిట్ అంటారు. స్కానింగు లేదు, రక్తపరీక్ష లేదు. పది ప్రశ్నలకు మూడు నాలుగు నిమిషాలు చాలు. ఒక్కో జవాబుకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, మొత్తం నలభై. ఎనిమిది, ఆ పైన వస్తే ముప్పు ఉన్నట్టు, క్లుప్తంగా సలహా చెప్పాలి. పదహారు నుంచి పంతొమ్మిది దాకా అయితే కూర్చోబెట్టి మాట్లాడాలి, మళ్ళీ మళ్ళీ పిలిచి చూడాలి. ఇరవై, ఆ పైన వస్తే పెద్ద వైద్యుడి దగ్గరకు పంపాలి. ఆడవాళ్ళలో, అరవై అయిదు దాటినవాళ్ళలో ఇంకాస్త తక్కువ మార్కులకే జాగ్రత్తపడాలి. మరీ తీరిక లేని చోట మొదటి మూడు ప్రశ్నలే అడిగి, అనుమానం ఉన్నవాళ్ళనే మిగతా ఏడూ అడగవచ్చు.

ఆ పట్టికలో మూడో ప్రశ్న ఒక్క కూర్చోవడంలో ఆరు లేదా అంతకంటే ఎక్కువ కొలతలు ఎంత తరచుగా తాగుతావని. కొలత అంటే పది గ్రాముల ఆల్కహాలు. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాలు 42.8 శాతం. లెక్క వేస్తే ముప్పై మిల్లీలీటర్ల పెగ్గు ఒక కొలత. క్వార్టరు సీసా 180 మిల్లీలీటర్లు. అంటే సరిగ్గా ఆరు కొలతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ గీత దగ్గర ఆగి ‘ఇక్కడ ప్రమాదం ఉంది, అడగండి’ అందో, సరిగ్గా ఆ గీత దాకా నింపిన సీసాను ప్రభుత్వం 99 రూపాయలకు పేదవాడికి అందుబాటులోకి తెచ్చింది. మూత తీసిన సీసా సగం దాచుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అంచేత ‘ఒక్క క్వార్టరే కదా’ అన్న మాట ఎవరన్నా ఇకమీదట మనం ఒప్పుకోకూడదు.

తొమ్మిదో ప్రశ్న ఇంకా ముఖ్యం. ‘నీ తాగుడు వల్ల నీకు గానీ, ఇంకొకరికి గానీ దెబ్బలు తగిలాయా?’ అని. ఈ పట్టికను నేను మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ ఆగిపోయాను. ‘ఇంకొకరు’ అంటే ఎవరు? మన సంచిలోని మూడో చీటీ. భర్త ఆరోగ్యం కోసం అడిగే కాగితంలో భార్య విరిగిన చెయ్యికి చోటు దొరికింది. అంతకుముందు ఆమె ‘కాలు జారి పడినది’.

సరే, మన దగ్గర అసలు ఎవరూ ఏమీ అడగడం లేదా? అడుగుతున్నారు. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి మనిషి దగ్గరకూ ఆశా కార్యకర్త వెళ్ళి బీపీ, షుగరు, క్యాన్సరు ముప్పు కనిపెట్టడానికి ఒక ఫారం నింపాలి. వయసు, పొగాకు, నడుము చుట్టుకొలత, శరీరశ్రమ, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులున్నాయా అన్న ప్రశ్నల మధ్య మద్యం గురించీ ఒకటుంది. ‘రోజూ మద్యం తాగుతారా?’ అవునంటే ఒక మార్కు, లేదంటే సున్నా. అంతే.

శనివారం సాయంత్రం కూలి పుచ్చుకుని రెండు క్వార్టర్లు తాగి వచ్చి పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టినవాడు ఈ ప్రశ్నకు ‘లేదు’ అంటాడు. వాడు అబద్ధం చెప్పలేదు. రోజూ తాగడు. ఫారంలో సున్నా పడుతుంది, ఆశా అక్క పక్కింటికి వెళుతుంది. రోజూ తాగేవాడు నిజమే చెప్పినా ఒక్క మార్కే, తర్వాత ఏం చెయ్యాలో ఆ మార్కు చెప్పదు. ఎంత తాగుతున్నాడో లేదు, ఎవరికి దెబ్బ తగిలిందో లేదు. ముప్పై లోపు కుర్రాళ్ళను ఆ ఫారం అడగనే అడగదు. తాగుడు మొదలయ్యేదే ఆ వయసులో. కాబట్టి ఫారం ఉందన్న పేరే తప్ప తాగుడు విషయంలో అది దాదాపు గుడ్డిది. మనం కొత్త పథకమేదీ అడగనక్కర్లేదు. ఉన్న ఫారంలో ఆ ఒక్క వరుస తీసి, ‘ఎన్నాళ్ళకొకసారి, తాగినప్పుడు ఎంత, క్వార్టరు దాటేది ఎప్పుడెప్పుడు’ అన్న మూడు వరుసలు పెట్టమంటే చాలు.

ఈ మాట మీటింగుల్లో చెప్పినప్పుడల్లా నాకు కొన్ని జవాబులొస్తాయి.

మొదటిది, అడిగితే నిజం చెబుతారా అని. కొందరు చెప్పరు. అయితే తిట్టడానికి అడిగే ప్రశ్నకూ తెలుసుకోవడానికి అడిగే ప్రశ్నకూ తేడా మనిషికి తెలుస్తుంది. ‘తాగుతావా?’ అంటే ‘అబ్బే’ అంటాడు. ‘ఈ మాత్రలు మద్యంతో పడవు, వారంలో ఎన్నిసార్లు తీసుకుంటావు?’ అని బీపీ చూస్తూ అడిగితే చాలామంది చెబుతారు. అందరినీ అడిగితే ఎవరికీ అవమానం ఉండదు. చొక్కా చూసి, కులం చూసి, పేట చూసి కొందరినే అడిగితే అది అవమానం. ఉద్యోగస్తుడినీ, వ్యాపారస్తుడినీ, కూలివాడినీ ఒకే ప్రశ్న అడగాలి.

రెండోది, ఆశా కార్యకర్తల మీద ఇప్పటికే చచ్చేంత పని ఉందని. ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. జీతం అనకుండా గౌరవ వేతనం అని పేరుపెట్టి, ఫోటోలు, యాప్‌లు, సర్వేలు అన్నీ ఆమె నెత్తినే పెట్టారు. పైగా ఆమె అదే ఊరి కోడలు. సాయంత్రం తాగి వచ్చినవాడు ‘నా గురించి ఏం రాసుకుపోయావ్’ అని ఆమె గడపలోకి వస్తే ఎవరు దిక్కు? అందుకే ఇంటింటి ఫారంలో మూడు ప్రశ్నలకు మించి ఆమె నెత్తిన వెయ్యకూడదు. పూర్తి పట్టిక ఆరోగ్య కేంద్రంలోనే, తలుపు వేసిన గదిలో, శిక్షణ పొంది జీతం తీసుకునే మనిషి అడగాలి. ఇంకో ఆడమనిషి ఉచిత చాకిరీ మీద మన హక్కు నిలబడితే అది హక్కే కాదు.

మూడోది, కనిపెట్టి ఏం లాభం, మానిపించే మందుందా అని. దీనికి జవాబు గోవా నుంచి వచ్చింది. అక్కడ సంగత్ అనే సంస్థ పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఆడిట్ పట్టికలో 12 నుంచి 19 మధ్య మార్కులొచ్చిన మగవాళ్ళతో ఒక పరిశోధన చేసి 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. డాక్టర్లు కారు, శిక్షణ పొందిన మామూలు మనుషులే, నాలుగు విడతల దాకా కూర్చుని మాట్లాడారు. మూడు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో 26 శాతం మంది ప్రమాదపు గీత కిందికి వస్తే, వీళ్ళు మాట్లాడినవాళ్ళలో 36 శాతం మంది వచ్చారు. సంవత్సరం తర్వాత అది 32కు 54 అయింది. నాలుగు విడతల మాటలకు ఇది చిన్న ఫలితం కాదు.

కానీ అదే పరిశోధనలో ఇంకో వాక్యం ఉంది. దాన్ని దాచిపెడితే నేను మీకు అన్యాయం చేసినట్టే. మూడు నెలల దగ్గర తాగుడు తగ్గింది, భార్య మీద హింసలో మాత్రం తేడా కనిపించలేదు.

ఇక్కడే నా పాత అనుమానం మళ్ళీ లేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త తరచు తాగి తూలే ఇళ్ళలో 70 శాతం మంది భార్యలు శారీరక హింసో లైంగిక హింసో చవిచూశామన్నారు. భర్త అసలు తాగని ఇళ్ళలో అలా చెప్పినవాళ్ళు 23 శాతం. మొదటి అంకె తాగుడు ఎంత నిప్పు పోస్తుందో చెబుతుంది. రెండో అంకె ఆ నిప్పు సీసాలో పుట్టలేదని చెబుతుంది. ఒక్క చుక్క ముట్టనివాడూ కొడుతున్నాడు. తాగినవాడు కూడా పోలీసును కొట్టడు, మేస్త్రీకి పని ఇచ్చే కాంట్రాక్టరును కొట్టడు. ఇంటికి వచ్చి, తలుపు వేసి, కొట్టినా అడగరన్న మనిషినే కొడతాడు. అంత మత్తులోనూ ఎవరిని కొట్టవచ్చో వాడికి తెలుసు. ఆ తెలివి పితృస్వామ్యం నేర్పింది, బ్రాందీ నేర్పలేదు.

అంచేత ఆస్పత్రిలో తాగుడు గురించి అడగడం హింసకు మందు అని నేను అనడం లేదు. అవి రెండు వేరు వేరు పనులు. ఆస్పత్రి రెండూ చెయ్యాలి అంటున్నాను. భర్తను తాగుడు గురించి అడగాలి. భార్యను విడిగా, అతను లేకుండా, దెబ్బల గురించి అడగాలి. 2005 గృహహింస చట్టం ప్రకారం బాధితురాలికి వైద్యసాయం ఇవ్వడం ఆస్పత్రి విధి. 2006 నిబంధనల ప్రకారం, గృహహింస నివేదిక అప్పటికి నమోదు కాకపోతే ఆస్పత్రి బాధ్యులే ఆ ఫారం నింపి రక్షణాధికారికి పంపాలి. ‘కాలు జారి పడినది’ అని రాసిన కలానికి ఆ నిబంధన తెలుసా?

ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకూడదు. భార్య చెప్పిందని భర్తకు తెలిసేలా అడిగితే ఆ రాత్రి ఆమెకు నరకం. ‘మీ ఆవిడ చెప్పింది, నువ్వు బాగా తాగుతావంట కదా’ అని డాక్టరు నవ్వుతూ అన్న ఒక్క మాటకు పుట్టింటికి పారిపోయిన మనిషి నాకు తెలుసు. ఆమె చెప్పింది ఆమె కాగితంలోనే ఉండాలి. అతను చెప్పింది అతని కాగితంలోనే ఉండాలి. ఆ జవాబు ఏ సచివాలయం కంప్యూటరులోకో పోయి రేపు పింఛనో ఇంకో పథకమో కోయడానికి కారణం కాకూడదు. కోత భయం ఉంటే ఎవరూ నోరు విప్పరు. తాగే ఆడవాళ్ళ సంగతి మరీ సున్నితం. మన రాష్ట్రంలో వాళ్ళ సంఖ్య సర్వేల్లో తక్కువగానే కనబడుతుంది, కానీ తాగే మగవాడికి పడే తిట్టు ఒకటైతే ఆడదానికి పది. ఆమె వచ్చి చెప్పుకుంటే ‘నీకిదేం పొయ్యేకాలం’ అనకుండా వినే మనిషి కావాలి.

ఆస్పత్రి అడగనప్పుడు ఇళ్ళల్లో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. బస్టాండు గోడల మీద ‘తాగేవారికి తెలియకుండా మాన్పించే మందు’ అన్న కాగితాలు అందరూ చూసే ఉంటారు. గాజులు కుదువపెట్టి ఆ పొడులు కొని సాంబారులో కలిపిన ఆడవాళ్ళు మన మధ్యే ఉన్నారు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. నిజంగానే తాగుడు మానిపించడానికి వాడే మాత్ర ఒకటుంది. అది కడుపులో ఉండగా తాగితే గుండెదడ వచ్చి, బీపీ పడిపోయి, ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూస్తుండగా ఇవ్వాల్సిన మందది. తెలియకుండా పెడితే మంచి చెయ్యబోయిన ఆడది హంతకురాలై జైల్లో కూర్చుంటుంది.

ఇంకొకటి ప్రమాణం. మా వైపు కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసి తాగుడు మానేవాళ్ళున్నారు. అయ్యప్ప మాల వేసుకుని మండలం రోజులు ముట్టనివాళ్ళున్నారు. మొక్కుతో మానినవాళ్ళను నేను చిన్నచూపు చూడను, ఎంతోమంది ఇళ్ళు అలా నిలబడ్డాయి. కానీ ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే తిరగబడుతుంది. కొన్ని గంటల్లోనే చెమటలు, వణుకు. ఒకటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నాయని దులుపుకుంటారు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. అది గాలి కాదు, ప్రాణాలు తీసే స్థితి. ఆస్పత్రిలో మందులతో దాటించవచ్చు. ముందే పట్టిక ప్రకారం అడిగి ఉంటే, ఇతనికి ఇరవై దాటింది, ఇతను ఇంట్లో ఒక్కసారిగా మానకూడదు, మంచం ఇచ్చి మాన్పించాలి అని తెలిసేది. 2020 జులై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా కట్టడి వల్ల దుకాణాలు మూతపడితే, శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. దుకాణం మూయమని అడిగే మనం, మూసిన మర్నాడు ఆ మనుషులను ఎవరు చూస్తారని కూడా అడగాలని ఆ చావులు చెబుతున్నాయి. 1993లోనూ, 1995లోనూ మనం అది అడగలేదు.

కాబట్టి మన సంఘాలు ఈసారి ఆరోగ్య కేంద్రాలకు వెళ్ళేటప్పుడు కొన్ని డిమాండ్లు చేతిలో పట్టుకుని వెళ్ళాలని నా అభిప్రాయం. పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి రోగినీ, బీపీ చూసినట్టే, ఏడాదికొకసారి మద్యం గురించి అడగాలి. ఇంటింటి ఫారంలో ‘రోజూ’ అన్న మాట తీసేసి ఎంత, ఎప్పుడు అని పెట్టాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చుని మాట్లాడే శిక్షణ పొందిన మనిషిని జీతం ఇచ్చి పెట్టాలి. శ్రీకాళహస్తి వంటి పట్టణాల్లోని ఏరియా ఆస్పత్రుల్లో తాగుడు మాన్పించడానికి మంచాలు, మందులు ఉండాలి. ప్రతిసారీ తిరుపతికి బస్సు ఛార్జీలు పెట్టుకుని పొమ్మనకూడదు. దెబ్బలతో వచ్చిన ఆడమనిషిని ఒంటరిగా అడగాలి, గృహహింస ఫారం ఎక్కడుందో డ్యూటీ నర్సుకు తెలిసి ఉండాలి, 181 నంబరు గోడ మీద కనబడాలి. వీటిలో ఒక్కటీ కోట్లతో పని కాదు. అమ్మకం మీద వచ్చే ఆదాయంలో ఒక చిటికెడు తీసినా సరిపోతుంది.

దుకాణాలు తగ్గించమనే పోరాటం మాత్రం అలాగే ఉండాలి. ఒక చేత్తో ఆరు కొలతల సీసా అమ్ముతూ, ఇంకో చేత్తో ‘ఎంత తాగుతావు నాయనా’ అని అడగడం చూస్తే నవ్వొస్తుంది. అయినా అడగనివ్వండి. ఆ జవాబులు రిజిస్టరులోకి ఎక్కితే, ఏ మండలంలో ఎంతమందికి ఇరవై దాటిందో లెక్క తేలుతుంది. రేపు కొత్త దుకాణానికి లైసెన్సు ఇచ్చేటప్పుడు, పేర్లేమీ లేని ఆ అంకెలను మనం కలెక్టరు బల్ల మీద పెట్టవచ్చు. ఇన్నాళ్ళూ మన దగ్గర కన్నీళ్ళున్నాయి, లెక్కలు లేవు.

ఆ తొట్టంబేడు ఆమె చీటీలన్నీ మళ్ళీ సంచిలో పెట్టుకుని లేచింది. నేను తోడు వెళ్ళాను. ఈసారి ఆమె భర్త మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడి ఉండగా, ఆమెను లోపలికి తీసుకెళ్ళి, చెయ్యి ఎలా విరిగిందో రాయమని పట్టుబట్టాను. డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ కాసేపు తటపటాయించి, పాత చీటీ వెనక్కి తిప్పి రాసింది. భర్తను కూడా పిలిచి, తలుపు వేసి, పది ప్రశ్నలూ అడిగింది. ఇరవై రెండు వచ్చింది. పన్నెండో చీటీలో ఆ అంకె ఉంది. ఆ సంసారం బాగుపడిందని నేను చెప్పలేను, ఇంకా చాలా ఉంది. అతను చికిత్సకు పోతున్నాడు, మానేస్తున్నాడు, మళ్ళీ పోతున్నాడు. ఆమె రక్షణాధికారికి అర్జీ పెట్టింది. ఒక్కటి మాత్రం చెప్పగలను. “రెండేండ్లయింది గదక్కా, ఇన్నాళ్ళకు ఒకరు అడిగిరి” అని ఆ రోజు బయటికి వచ్చాక ఆమె అంది. ఆ ఒక్కరు అడగడానికి నేను తోడు వెళ్ళాల్సిన అవసరం లేని రోజు రావాలి.